ఉత్తరపు గోడ దగ్గర తెల్లటి మనిషి

బ్రాండన్
1984 అక్టోబరు 2

లౌగా అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన పొగబెట్టిన చేపలు ఎప్పుడో అయిపోయాయిగానీ, కారు మాత్రం ఇంకా మీ సరస్సు వాసనే కొడుతోంది.

కొత్త ఫర్నేసు ఇల్లంతా వెచ్చగా ఉంచుతోందా? గెయిరి బావ దానితో రాజీపడ్డాడా, ఇంకా మెట్ల మీంచి నేలమాళిగలోకి తొంగిచూసి తిట్టి వస్తున్నాడా? ముప్పయ్యేళ్ళుగా ఇళ్ళకి ఫర్నేసులు పెట్టే పని చేస్తున్నాను. గోడకి రంధ్రం కొడుతుంటే తన డొక్కలోనే పొడుస్తున్నట్టు మూలిగిన మనిషిని ఆయన్నే చూశాను. పోనీలే, పాత కట్టెల ఫర్నేసు ఆయన చేత్తో పెట్టుకున్నది. దాన్ని పీకి పక్కన పడేస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

హడావుడిగా బయల్దేరి నీకు సరిగ్గా చెప్పలేదు. ఈ కొత్తదానికి పొగగొట్టం అక్కర్లేదు. ఉత్తరపు గోడలోంచి బయటికి వచ్చిన రెండు తెల్లటి గొట్టాలే దాని ముక్కు. కిందది గాలి పీలుస్తుంది, పైది వదుల్తుంది. రెండూ ఎప్పుడూ తెరిచి ఉండాలి. వాటి మీద గుడ్డలు ఆరెయ్యకు, ఎదురుగా కట్టెలు పేర్చకు. ఇంకొంచెం ఎత్తున పెట్టేవాణ్ణిగానీ వంటింటి కిటికీ అడ్డొచ్చింది. అందుకే మోకాలెత్తులోనే సరిపెట్టాను. ఇక్కడ మా ఊళ్ళో అన్నిళ్ళకీ అంతే ఎత్తు, ఇబ్బందేం లేదు.

బావకి నా మీద కోపం తగ్గాక చెప్పు.

నీ తమ్ముడు
స్టెయిని


నౌసా
అక్టోబరు 21

ఒరేయ్ స్టెయినీ,

మీ బావకి కోపం తగ్గేసరికి సరస్సు ఎండిపోతుంది. నీ గొట్టాలకి ఆయన పెట్టిన పేరు పందిముక్కు. పొద్దున లేవగానే "మీ తమ్ముడి పంది ఊపిరి తీస్తోందా?" అని అడుగుతాడు. అయినా రాత్రి మేకుకి వేలాడేసిన తడి మేజోళ్ళు పొద్దున్నకల్లా ఆరిపోతున్నాయి. అది మాత్రం ఒప్పుకోడు. ఎండ తగిలిందంటాడు, నేలమాళిగలో!

నీకో సంగతి చెప్పాలి. నవ్వావంటే మళ్ళీ చేపలు పంపను.

గురువారం తొలి గట్టి చలి పడింది. పొద్దున్నే కాఫీ పెట్టుకుని, చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని కిటికీలోంచి చూశాను. ఉత్తరపు గోడని ఆనుకుని ఓ తెల్లటి మనిషి నిలబడి ఉన్నాడు. మనిషంత ఎత్తు. కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉంది. ఆ భుజం ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. కప్పు కింద పెట్టి చూసేసరికి లేడు. రెండు నిమిషాలకి మళ్ళీ వచ్చాడు.

మన నాయనమ్మ ఏమనేది? మనవాళ్ళు ఐస్లాండు వదిలి ఈ దేశానికి ఓడెక్కినప్పుడు వాళ్ళ దయ్యాలు కూడా టిక్కెట్టు లేకుండా ఎక్కాయని. ముప్పయ్యైదేళ్ళ కిందట పోయిన మన వాల్డి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడో, ఇప్పుడెందుకు వచ్చాడో నాకు అర్థం కావడం లేదు. భయం వెయ్యలేదురా.

మా కుక్క స్కుగ్గి అటు చూసి తోకాడిస్తోంది.

అక్క
లౌగా


బ్రాండన్
నవంబరు 1

అక్కా,

నవ్వాను. చేపలు పంపకపోయినా సరే.

అది పై గొట్టంలోంచి వచ్చే ఆవిరి. పాత పొగగొట్టంలో పొగ వేడిగా పైకెళ్ళి మాయమయ్యేది. ఈ ఫర్నేసు వేడంతా ఇంట్లోనే పిండుకుని చల్లారిన తడి ఊపిరిని వదుల్తుంది. చలి ముదిరితే అది తెల్లగా గడ్డకట్టినట్టు గోడ పక్కనే నిలబడుతుంది. ఫర్నేసు ఆగితే పోతుంది, వెలిగితే వస్తుంది. నీ మనిషి రెండు నిమిషాలకోసారి ఎందుకొచ్చాడో తెలిసిందా? గాలి ఇటునుంచి వీస్తే కుడి భుజం వాలుతుంది, అటునుంచి వీస్తే ఎడమది.

ఒక్క మాట అక్కా. వాల్డి అన్నయ్యని ఇందులోకి లాగకు. నువ్వు రాసింది చదివాక రెండు రోజులు నేను పనికి పోలేదు.

స్టెయిని


నౌసా
నవంబరు 18

ఒరే,

ఆవిరి అన్నావు, సరే. ఆవిరికి గొంతు కూడా ఉంటుందా? వంటింట్లో నిలబడితే గోడలోంచి సన్నగా మూలుగు వినిపిస్తోంది. వాల్డి వలలు అల్లుతూ ముక్కుతో తీసే రాగం లాగా. అది ఫ్యాను అంటావు. నాకు తెలుసు నువ్వేమంటావో. ఫర్నేసువాళ్ళకి అన్నిటికీ ఒక పేరు ఉంటుంది.

వాడు కిటికీ వైపే తిరిగి నిలబడతాడురా. ఏదో అడగడానికి వచ్చినట్టు. ముప్పయ్యైదేళ్ళు ఆగి అడగడానికి వచ్చాడంటే చిన్న మాట అయ్యుండదు. ఆ రోజు చేపల గుడిసెలో తనకి ఊపిరాడకుండా చేసిందెవరని అడుగుతాడేమోనని నాకు భయం. పొద్దున్నే వాడికి కూడా ఓ కప్పు కాఫీ పోసి కిటికీలో పెడుతున్నాను. మీ బావ అది చూసి "ఎవరికే?" అన్నాడు. "చల్లారబెడుతున్నా" అన్నాను.

ఇక్కడంతా మామూలే. గడ్డిమోపులు వచ్చేశాయి. మీ బావ ఎప్పట్లాగే చలి దూరకుండా వాటిని ఇంటి చుట్టూ పేర్చి, కొత్త సంవత్సరం దాటి మంచు బాగా పడ్డాక దాన్ని కూడా గోడలకి కిటికీల దాకా ఎత్తేస్తాడు. ఈసారి ఉత్తరపు గోడకి ప్రత్యేకం. పందిముక్కులో మంచు పడకుండా దాని మీద పలకలతో చిన్న చూరు కూడా కట్టాడు. తిడుతూనే కట్టాడనుకో. "మీ తమ్ముడి పనికి నేను గొడుగు పట్టాలి" అని. అంటే నీ మీద కోపం తగ్గినట్టే.

లౌగా


బ్రాండన్
నవంబరు 27

అక్కా,

నీ ఉత్తరం చదవగానే రెండుసార్లు ఫోను చేశాను. మీ నాలుగిళ్ళకీ ఒకటే తీగ కదా, ఎత్తగానే పక్కింటావిడ ఊపిరి వినిపించింది. తర్వాత బావ ఎత్తి "కోళ్ళ దగ్గరుంది" అని పెట్టేశాడు. రెండోసారి అదీ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

గాలి దారి మూస్తే ఏమవుతుందో మన ఇంట్లో ఒక మనిషికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ మనిషి ముప్పయ్యైదేళ్ళుగా ఎందుకు నోరు మెదపలేదో ఎవరూ అడగలేదు. వాల్డి అన్నయ్య ఎలా పోయాడో ఇక దాచి లాభం లేదు. ఎదురుగా కూర్చుని చెప్పుకోవలసిన మాట అది. క్రిస్మస్‌కి వస్తాను.

అంతకంటే ముందు చెయ్యాల్సిన పని ఉంది. రెండో కాగితం చూడు.

(రెండో కాగితం)

ఉత్తరపు గోడకి మంచు ఎత్తొద్దు. గడ్డిమోపులూ వద్దు. బావ కట్టిన చూరు ఇవాళే పీకెయ్యమను. ఊళ్ళో ఎవరూ ఇంటికి మంచు ఎత్తరు. ఆ వాడుక నాకు గుర్తే రాలేదు. మోకాలెత్తున పెట్టడం నా తప్పు. ఎండలు రాగానే వచ్చి పైకి మారుస్తాను. అందాకా రోజూ పారతో ఆ చోటు శుభ్రం చెయ్యండి. ఇది నవ్వులాట కాదు, ప్రాణాల మాట.

స్టెయిని


నౌసా
డిసెంబరు 9

స్టెయిని,

ఉత్తరం అందింది. నీకు తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలిసే నా చేతి కాఫీ తాగి వెళ్ళావన్నమాట.

క్రిస్మస్‌కి రాకు. ఎదురుగా కూర్చుని ఆ మాట మాట్లాడే ఓపిక నాకు లేదు.

సిగుర్‌లౌగ్


బ్రాండన్
డిసెంబరు 19

అక్కా,

నువ్వు పూర్తి పేరుతో సంతకం చేసి మరీ రావద్దంటే రాను. ఆ శిక్ష నాకు తగినదే. నీకు ముందే తెలుసని నేనెప్పుడూ అనుకోలేదు. గోడ సంగతి మాత్రం రెండో కాగితంలో రాసినట్టే చేసి ఉంటారు కదూ? ఒక్క ముక్క రాయి చాలు. నన్ను తిడుతూ రాసినా సరే.

స్టెయిని


నౌసా
1985 జనవరి 14

స్టెయినీ,

నీ డిసెంబరు ఉత్తరం గడియారం వెనక పెట్టాను. విప్పలేదు. విప్పే ధైర్యం లేదు. ఇప్పుడు కూడా రాయకూడదనే అనుకున్నాను. కానీ చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

వారం రోజులుగా ఒంట్లో బాగోలేదు. పొద్దున లేస్తే తలలో సమ్మెటతో కొడుతున్నట్టుంటుంది. కోళ్ళకి మేత వేసి వచ్చేసరికి కాస్త తేలికపడుతుంది, వంటింట్లోకి రాగానే మళ్ళీ మొదలు. మీ బావ భోజనం చేశాడంటే సాయంత్రం దాకా నిద్రే. నిన్న ప్రూన్ పళ్ళ కేకు కోసిస్తే, ముప్పయ్యేళ్ళుగా తింటున్నది, "ఇదేమిటి?" అన్నాడు. జలుబు మెదడుకెక్కిందన్నాడు. కాఫీకి రుచి లేదు. స్కుగ్గి ఇంట్లోకి రానంటోంది. తలుపు తీసి పట్టుకుంటే గడప బయటే కూర్చుని ఏడుస్తుంది. ఇంత చలిలో! కొట్టంలోనే పడుకుంటోంది.

పోయిన వారం మంచు బాగా పడింది. మీ బావ ఇంటి చుట్టూ కిటికీల దాకా ఎత్తి పారతో నున్నగా దిద్దాడు. ఇల్లు వెచ్చగా, గట్టిగా ఉంది. ఇప్పటిదాకా చలి ఓ మోస్తరుగానే ఉంది. ఇక ముదురుతుందని రేడియో చెప్పింది.

అసలు సంగతి ఇది. ఐదు రోజులుగా వాల్డి రావడం లేదు. చలి ఉంది, గాలి లేదు, ఫర్నేసు మూలుగుతూనే ఉంది, వాడు మాత్రం లేడు. కాఫీ పోసి పెడుతున్నాను, కప్పులో మీగడ కట్టి చల్లారిపోతోంది. నేను నోరు విప్పి చెప్పలేదని అలిగి వెళ్ళిపోయాడేమో. వాడు నిలబడ్డ చోటు చూస్తూ కూర్చుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి.

రాత ఇలా వంకర్లు పోతోంది, ఏమనుకోకు.

లౌగా


బ్రాండన్
జనవరి 27

అక్కా,

ఆసుపత్రి వరండాలో మూడు రోజులు పక్కపక్కన కూర్చున్నాం. మంచు గురించి, స్కుగ్గి తిండి గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. నేను నోరు తెరిస్తే నువ్వు లేచి నీళ్ళ కోసం వెళ్ళావు. నువ్వు నా వైపు తిరిగితే నేను డాక్టరు కోసం వెళ్ళాను. మనింట్లో మనుషులకి కాగితమే గతి.

నీ ఉత్తరం పద్దెనిమిదో తారీఖు పొద్దున తొమ్మిదింటికి అందింది. తలనొప్పి అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. "వాల్డి రావడం లేదు" అన్న వాక్యం దగ్గర లేచి నిలబడ్డాను. నువ్వేమనుకున్నావో నాకు తెలియదుగానీ, అది వెళ్ళిపోయిందంటే పైగొట్టం మూసుకుపోయిందని అర్థం. మీ ఫోను తీగ తెగిపోయి ఉంది. మీ పక్క ఊరు రివర్టన్‌లో కూడా ఎవరూ ఫోను ఎత్తలేదు. కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా కారెక్కాను.

పొద్దు వాలుతుండగా మీ దారిలోకి తిరిగాను. అక్కా, ఉత్తరపు గోడ పక్కన తెల్లటి మనిషి నిలబడి ఉన్నాడు. మనిషంత ఎత్తు, కుడి భుజం వాలి ఉంది. ఆవిరి అని నీకు ఎగతాళిగా రాసినవాణ్ణి, బ్రేకు మీద కాలేసి "అన్నయ్యా" అన్నాను. గట్టిగానే అన్నాను.

దగ్గరికొస్తే నువ్వు మోకాళ్ళ మీద ఉన్నావు. చేపల పార చేతిలో ఉంది, చేతి తొడుగులు లేవు, వేళ్ళు నెత్తురు కారుతున్నాయి. "ఏం చేస్తున్నావక్కా?" అంటే నా మొహం కూడా చూడకుండా "వాల్డికి దారి చేస్తున్నా" అన్నావు. నీకది గుర్తుందో లేదో.

జరిగింది ఇది. బావ కట్టిన చూరు కింద ఫర్నేసు ఊపిరి మంచుని కరిగించి గుహలా చేసుకుంది. పైగొట్టం వదిలిందే కిందగొట్టం తాగింది. బయటి గాలి అందక మంట చెడిపోయి విషవాయువు పుట్టింది. కట్టెలు దింపే పాత కిటికీ సందులోంచి నేలమాళిగలోకి, అక్కణ్ణించి బావ పడుకునే గదిలోకి పాకింది. నేను ఈడ్చుకొచ్చేసరికి ఆయన పెదవులు ఆ విషానికి ఎర్రబడి ఉన్నాయి. నువ్వు కోళ్ళ కోసం, కుక్క కోసం, చివరికి వాల్డి కోసం బయటికి వస్తూ పోతూ ఉండబట్టి కాళ్ళ మీద ఉన్నావు. ఆ గొట్టం నువ్వు తెరవకపోతే నేను వచ్చి చేసేదేమీ ఉండేది కాదు. నా ఉత్తరం వల్ల తెరవలేదు నువ్వు. నా రెండో కాగితం నువ్వు చదవనే లేదని ఆసుపత్రిలో నీ సంచిలో అది మడతలు విప్పకుండా కనబడ్డప్పుడు తెలిసింది.

ఇక చెప్తాను. మళ్ళీ లేచి నీళ్ళకి వెళ్ళకు.

1949 ఫిబ్రవరిలో గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే గుడిసెలో అన్నయ్యా నేనూ ఉన్నాం. వాడికి జ్వరం. నాకు రివర్టన్‌లో డాన్సుకి వెళ్ళాలని ఉంది. వాణ్ణి వెచ్చగా వదిలి వెళ్తే తప్పు లేదనుకున్నాను. గుడిసె చుట్టూ చూరు దాకా మంచు ఎత్తాను. ఒక్క పగులు కూడా వదల్లేదు. "ఇల్లు కట్టావురా" అని లోపల్నుంచి నవ్వాడు. నేను డాన్సుకి వెళ్ళాను. పొద్దున వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది, వాడూ ఆరిపోయి ఉన్నాడు. నిద్రలో జ్వరం ముదిరిందని అందరూ అన్నారు. నేను ఊరుకున్నాను. మంచు మాత్రం ఎవరూ రాకముందే తవ్వి పారేశాను.

ఆ తర్వాత ఫర్నేసు పని ఎందుకు నేర్చుకున్నానో నువ్వెప్పుడూ అడగలేదు. ముప్పయ్యేళ్ళు ఇంటింటికీ గాలి దారి చేశాను. నా అక్క ఇంటికొచ్చేసరికి మోకాలెత్తున పెట్టాను.

గెయిరి బావ చేతుల వణుకు తగ్గిందా? ఈ ఏడు వలలు వెయ్యలేడని డాక్టరు అన్నాడు. అదీ నా ఖాతాలోనే.

నువ్వు రావద్దన్నావు గనక రాను. గొట్టాలు మార్చడానికి వేరే మనిషిని పంపుతాను.

స్టెయిని


నౌసా
1985 ఫిబ్రవరి 10

ఒరేయ్ స్టెయినీ, ఒరేయ్ వెర్రినాయనా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఏడ్చాను. మూడోసారి మీ బావకి వినిపించాను. నాలుగోసారి గడియారం వెనకున్న డిసెంబరుది, సంచిలో ఉన్న రెండో కాగితం కూడా తీసి, వరసగా పెట్టుకుని చదివాను.

"మన ఇంట్లో ఒక మనిషి" అని రాశావు. ఆ మనిషి నేనే అనుకున్నానురా. అక్కడితో మడిచేశాను. రెండో కాగితం నన్ను ఇంకా ఎంత కడిగేస్తుందోనని ముట్టుకోలేదు. నీకు తెలిసిపోయిందనుకున్నాను.

నీకేం తెలుసు! నువ్వు డాన్సుకి వెళ్ళిన సాయంత్రం నేను స్లెడ్జి బండి కట్టుకుని మంచు మీదుగా గుడిసెకి వచ్చాను. నువ్వెరగవు, ఎవరూ ఎరగరు. వాల్డికి మాంసం చారు తెచ్చాను. వాడు మంచం మీద వణుకుతున్నాడు. పొయ్యికి పైన కప్పులో గాలొచ్చే బెజ్జం ఉండేదే, నీ మంచు అందనిది, అందులోంచి ఈల వేస్తూ చలి సరిగ్గా వాడి తల మీదికే వస్తోంది. "ఆ బెజ్జం ఏదన్నా చెయ్యవే, చెవి పోటు పుడుతోంది" అన్నాడు. పిండి సంచి మడతపెట్టి, కర్రతో పొడిచి మరీ కుక్కాను. "హమ్మయ్య" అన్నాడు. అదే వాడి చివరి మాట. నీ డాన్సు ముగియకముందే నేను ఇంటికి వచ్చేశాను.

మర్నాడు శవాన్ని కడగడానికి వచ్చినప్పుడు ఆ సంచి లాగేసి గౌను లోపల దాచుకున్నాను. ఇప్పటికీ ఉంది, ట్రంకు అడుగున. అమ్మ పోయేదాకా ఆవిడ కళ్ళలోకి సూటిగా చూడలేదు. నువ్వు ఏడాదికోసారే వచ్చి, వచ్చిన రోజే పని ఉందని పరుగెత్తుతుంటే, వీడికి ఎలాగో తెలిసింది, నా మొహం చూడలేకపోతున్నాడు అనుకున్నాను. నువ్వు నీ తప్పుకి పారిపోతున్నావని నాకేం తెలుసు?

బయట నువ్వు మూశావు, లోపల నేను మూశాను. ఇద్దరం వాడు వెచ్చగా ఉండాలనే మూశాం. మనలో ఒక్కరు మూయకపోయి ఉంటే బతికేవాడేమో. కానీ ఇన్నేళ్ళూ మొత్తం నా ఒక్కదాని మీదే ఉందనుకున్నాను. ఇప్పుడు సగం నీ దగ్గరుందని తెలిశాక, సిగ్గులేకుండా చెప్తున్నాను, రాత్రి నిద్రపట్టింది.

మీ బావ అంతా విని "పలకల చూరు కట్టింది నేను, ఆ లెక్కన నాదీ ఒక వాటా" అన్నాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. కప్పు రెండు చేతులతో పట్టుకుంటాడు. నా పేరు నిన్న ఒకసారి మర్చిపోయాడు. పందిముక్కు మాత్రం మర్చిపోలేదు. రోజూ మంచంలోంచే "ఊపిరి తీస్తోందా?" అని అడుగుతాడు. ఇప్పుడది ఎగతాళి కాదు. నేను కిటికీలోంచి చూసి, వాడు నిలబడి ఉన్నాడని చెప్తే, సరేనని కళ్ళు మూసుకుంటాడు.

ఉత్తరపు గోడకి గడ్డిపరక కూడా లేదు. పొద్దునా సాయంత్రం నేనే పార పట్టుకుని వెళ్తున్నాను. స్కుగ్గి మళ్ళీ పొయ్యి పక్కకి చేరింది.

వేరే మనిషిని పంపితే తలుపు తియ్యను. నువ్వే రా. ఎండలు వచ్చేదాకా ఆగకు, దారి తెరిచి ఉన్న రోజు చూసి బయల్దేరు. గొట్టాలు నా తలెత్తుకి మార్చు. కిటికీ అడ్డొస్తే కిటికీని కాస్త జరుపు. కానీ గోడ మాత్రం మార్చకు. అవి వంటింట్లోంచి కనబడాలి.

మీ బావ కప్పు కాక ఇంకో మూడు తీసిపెట్టాను. నీకు ఒకటి, నాకు ఒకటి.

అక్క
లౌగా